సముద్రానికి ఏరేటర్లు ఎవరు పెట్టారు?

మా బాబాయికి భీమవరం దగ్గర రెండు రొయ్యల చెరువులున్నాయి. పోయిన వేసవిలో ఒక రాత్రి నేనూ అక్కడే పడుకున్నాను. పడుకోవడం అంటే మాటవరసకే, నీళ్లని చిలికి గాలి కలిపే ఆ ఏరేటర్ మోటార్ల చప్పుడులో నిద్రెక్కడ పడుతుంది. రెండున్నర ప్రాంతంలో చప్పుడు ఆగిపోయింది, కరెంటు పోయింది. నాకు హాయిగా అనిపించిన ఆ నిశ్శబ్దానికే బాబాయి ఉలిక్కిపడి లేచి జనరేటర్ దగ్గరికి పరిగెత్తాడు. పది నిమిషాల్లో ఏరేటర్లు మళ్లీ తిరిగాయి గానీ ఆయన టెన్షన్ తెల్లారేదాకా తగ్గలేదు, రొయ్యలు పైకి తేలాయేమోనని టార్చి వేసుకుని గట్టు చుట్టూ నాలుగుసార్లు తిరిగాడు. ఆ తర్వాత టీ తాగుతూ అడిగాడు, "ఎకరం చెరువుకే ఇన్ని మోటార్లు కావాలి కదరా, అంత సముద్రానికి ఏరేటర్లు ఎవరు పెట్టారు?"

"అలలు" అని అప్పటికి తప్పించుకున్నాను. అది సగం జవాబే. అలలు గాలిని పైనీళ్లలో కలుపుతాయి, నిజమే. కానీ అడుగున పేరుకునే బురద, చచ్చిన పాచి, చేపల రెట్ట, ఊళ్ల మురుగు, పొలాల నుంచి కొట్టుకొచ్చే ఎరువు, వీటినన్నిటినీ అలలు ఏం చేస్తాయి? అటూ ఇటూ కదుపుతాయి, అంతే. వాటిని ఖర్చు పెట్టేవాళ్లు వేరే ఉన్నారు.

ఆ వేరేవాళ్లెవరో తెలియాలంటే ముందు చెరువునే చూడాలి. మేత వేస్తాం. రొయ్య తిన్నంత తిని మిగిలింది వదిలేస్తుంది, తిన్నదాంట్లో కూడా చాలా భాగం రెట్టగా, అమ్మోనియాగా నీళ్లలోకే వస్తుంది. ఆ అమ్మోనియాను తిని ప్లాంక్టన్, అంటే నీళ్లలో తేలే కంటికానని పాచి, పెరుగుతుంది, నీళ్లు పచ్చబడతాయి. పగలు ఎండలో అదే ప్లాంక్టన్ ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రయితే అదీ మనలాగే ఆక్సిజన్ పీలుస్తుంది. అందుకే తెల్లవారుజామున డీవో, అంటే నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్, అంతలా పడిపోతుంది. ప్లాంక్టన్ మరీ ఎక్కువై ఒక్కసారిగా చచ్చిందా, ఇక దాన్ని కుళ్లబెట్టే బ్యాక్టీరియా మిగిలిన ఆక్సిజన్ కూడా లాగేస్తుంది. ఆక్వా రైతుకి ఇదంతా నేను చెప్పక్కర్లేదు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: చెరువులో రొయ్య ఉంది, మేత ఉంది, ప్లాంక్టన్ ఉంది, బ్యాక్టీరియా ఉంది, కానీ వాటి మధ్య ఉండాల్సిన మిగతా జనం లేరు. ఆ లేనివాళ్ల పనే కరెంటు మోటారు చేస్తోంది, బ్లీచింగ్ చేస్తోంది, మంచి బ్యాక్టీరియా నింపిన ప్రోబయోటిక్ డబ్బా చేస్తోంది. సముద్రంలో ఆ జనం ఉన్నారు. లేకపోతే సముద్రమూ చెరువులాగే చస్తుంది, మాటకి చెప్పడం లేదు, నిజంగానే చస్తుంది. అమెరికాలో మిసిసిపి నది సముద్రంలో కలిసే చోట ప్రతి వేసవిలోనూ అడుగు నీళ్లలో ఆక్సిజన్ దాదాపు లేకుండా పోతుంది. దాన్ని మృత మండలం అంటారు. 2017లో అది సుమారు 22,700 చదరపు కిలోమీటర్లకు పాకింది, అంటే మన పాత అనంతపురం జిల్లా కంటే పెద్దది. కారణం విషం కాదు, ఎరువు. మొక్కజొన్న పొలాల్లో వేసిన నత్రజని నది పట్టుకుని వచ్చి సముద్రంలో పాచిని మేపింది.

అందుకని "మురికి" అనే మాట దగ్గర కాస్త ఆగాలి. సముద్రం మురికి అనగానే మనకి ప్లాస్టిక్ కవర్లు గుర్తొస్తాయి. ఆ సంగతి చివర్లో చూద్దాం. తీరాల్ని ఎక్కువగా పాడు చేసేది తిండి. తినేవాళ్లు లేని చోట, లేదా తినగలిగినదానికంటే ఎక్కువగా వచ్చి పడిన తిండి. సముద్రం శుభ్రంగా ఉండటం అంటే ఎవరో చీపురు పట్టి ఊడవడం కాదు, వచ్చిన తిండి వచ్చినట్టు చేతులు మారుతూ ఖర్చయిపోవడం.

ఈ చేతులు మారడం ఎలా జరుగుతుందో బాగా చూపించే చోటు అమెరికాలోని చీసాపీక్ బే. వర్జీనియా, మేరీలాండ్‌లలో ఉండే మనవాళ్లు సెలవుల్లో ఓషన్ సిటీ బీచ్‌కి వెళ్తూ పొడవాటి వంతెన మీదుగా దాటేది ఆ అఖాతాన్నే. దాదాపు 320 కిలోమీటర్ల పొడవు, సగటు లోతు మాత్రం ఆరున్నర మీటర్లే. అంటే అదొక పెద్ద చెరువు లాంటిదే. అందులో ఒకప్పుడు ఆల్చిప్పలు ఒకదాని మీద ఒకటి అతుక్కుని దిబ్బలుగా పెరిగేవి, ఓడలకు అడ్డం వచ్చేంత దిబ్బలు. 19వ శతాబ్దం చివర్లో డబ్బాల్లో పెట్టి రైళ్లలో పంపే వ్యాపారం పెరిగేసరికి ఇనప పళ్లున్న వలలు లాగి అడుగంతా గీకేశారు. మిగిలిన వాటిని 20వ శతాబ్దంలో రెండు రోగాలు తినేశాయి. పాతరోజుల్లో ఉన్నవాటిలో నూటికి ఒక వంతు మిగిలిందని లెక్క.

ఆల్చిప్ప చేసే పని చూడటానికి ఏమీ ఉండదు. రెండు చిప్పలు కొద్దిగా తెరిచి నీళ్లు లాగుతుంది, మొప్పల మీది సన్నటి నూగుతో వడకడుతుంది, నీళ్లు వదిలేస్తుంది. అన్నీ అనుకూలిస్తే పెద్ద ఆల్చిప్ప ఒకటి రోజుకి 190 లీటర్ల దాకా వడకట్టగలదు. మామూలుగా అంత చేయదు, చలికి మూసుకుంటుంది, బురద ఎక్కువైతే మూసుకుంటుంది. రోజర్ న్యూవెల్ అనే శాస్త్రవేత్త 1988లో ఒక లెక్క వేశాడు. 1870కి ముందున్న ఆల్చిప్పలు అఖాతంలోని నీళ్లన్నిటినీ మూడు నుంచి ఆరు రోజుల్లో వడకట్టేవట. మిగిలిన వాటికి అదే పనికి దాదాపు ఏడాది పడుతుందట. ఈ అంకె ఎంత పేరు పొందిందంటే, ఆల్చిప్పల గురించి రాసిన ప్రతి వాళ్లూ దీన్ని వాడేశారు. నాకు మాత్రం దీన్ని అక్షరాలా తీసుకోబుద్ధి కాదు. అడుగునున్న ఆల్చిప్ప పైనున్న నీళ్లనెలా వడకడుతుంది, ఒకే నీళ్లు పదిసార్లు దాని గుండా పోవూ? అయినా మూడు రోజులా పది రోజులా అన్నది వదిలేసి చూస్తే, లెక్క చెప్పే దిశ మాత్రం సరైనదే.

ఇక్కడ చాలామంది పొరబడేది ఏమిటంటే, ఆల్చిప్పని వాటర్ ఫిల్టర్ అనుకోవడం. ఫిల్టర్ అయితే మురికి దాని లోపలే ఉండిపోవాలి కదా. ఆల్చిప్ప అలా దాచుకోదు. పనికొచ్చే పాచిని నోట్లోకి పంపి, పనికిరాని బురదని జిగురులో చుట్టి ఉండగా చేసి బయటికి తోసేస్తుంది. తిన్నదాని రెట్ట కూడా గట్టి ముద్దగా అడుక్కి పడుతుంది. అంటే నీళ్లలో తేలుతున్నదాన్ని అడుక్కి దింపింది, అంతే. అదీగాక నీళ్లలో కరిగిపోయిన ఎరువుని ఆల్చిప్ప ముట్టుకోనైనా ముట్టుకోలేదు, ఉప్పునీళ్లని గుడ్డలో వడకడితే ఉప్పు పోతుందా? కరిగిన నత్రజనిని ముందు పాచి తాగాలి, ఆ పాచిని ఆల్చిప్ప తినాలి. మొక్క పట్టుకుంటేనే జంతువుకి దొరుకుతుంది.

ఆ తర్వాతది మన వరి రైతుకి బాగా తెలిసిన కథ, కాకపోతే తలకిందులుగా. నీళ్లు నిలిచిన చేలో యూరియా చల్లితే కొంత గాల్లో కలిసిపోతుందని తిట్టుకుంటాం కదా. అలా పోవడానికి ఒక కారణం బురదలోని బ్యాక్టీరియా. గాలి తగిలే పైపొరలో కొన్ని బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రేట్‌గా మారుస్తాయి, గాలి తగలని కింది పొరలో ఇంకొన్ని ఆ నైట్రేట్‌ని మామూలు నత్రజని వాయువుగా మార్చి పైకి వదిలేస్తాయి. మనం పీల్చే గాలిలో నూటికి 78 వంతులు ఉండే ఆ వాయువే. చేలో అది రైతుకి నష్టం. సముద్రంలో అదే లాభం, ఎందుకంటే నత్రజని నీళ్లని నిజంగా వదిలిపెట్టి పోయే దారుల్లో పెద్దది అదే. ఆల్చిప్ప రెట్ట పడిన బురదలో ఈ పని బాగా జరుగుతుంది. కానీ దానికో షరతుంది. పైపొరకి ఆక్సిజన్ అందాలి. రెట్ట మరీ ఎక్కువైపోయి ఆక్సిజన్ అయిపోతే మొదటి మెట్టే ఆగిపోతుంది, అమ్మోనియా మళ్లీ నీళ్లలోకి వచ్చేస్తుంది.

మరి అడుగు బురదకి ఆక్సిజన్ ఎవరు ఇవ్వాలి? బాబాయి అడిగిన ఏరేటర్ ఇదిగో, ఇక్కడుంది. దాని పేరు సముద్రగడ్డి.

సముద్రగడ్డి అంటే నాచు కాదు. నాచుకి వేరుండదు, పువ్వుండదు. ఇది వేళ్లూ, ఆకులూ, పువ్వులూ, విత్తనాలూ ఉన్న నిజమైన మొక్క, ఎప్పుడో నేల మీది నుంచి సముద్రంలోకి తిరిగి వెళ్లిపోయింది. ఎండలో ఆకులు తయారు చేసిన ఆక్సిజన్ లోపలి గొట్టాల గుండా వేళ్ల దాకా దిగి చుట్టూ బురదలోకి ఊరుతుంది. ఆకులు గుబురుగా ఉండటం వల్ల నీటి వేగం తగ్గి ఒండ్రు కింద కూర్చుంటుంది, వేళ్లు దాన్ని లేవకుండా పట్టుకుంటాయి. అలా నీళ్లు తేరుకుంటే ఎండ ఇంకా లోతుకి దిగుతుంది, గడ్డి ఇంకా పెరుగుతుంది. ఈ చక్రానికి మొదటి తోపు ఇచ్చేది ఆల్చిప్పలు, ఎందుకంటే పాచితో పచ్చబడ్డ నీళ్లలో గడ్డికి వెలుతురు అందదు. పాచి వెలుతురులో నూటికి ఒక వంతుతో కూడా బతికేస్తుంది, గడ్డికి మాత్రం పదో వంతుకి అటూ ఇటూగానైనా కావాలి. సరిగ్గా ఇదే చక్రం వెనక్కి కూడా తిరుగుతుంది. గడ్డి పోతే బురద లేస్తుంది, బురద లేస్తే వెలుతురు పోతుంది, వెలుతురు పోతే మిగిలిన గడ్డీ పోతుంది. అందుకే పాడైన అఖాతానికి మురుగు ఆపినంత మాత్రాన అది వెంటనే కోలుకోదు.

వెనక్కి తిరిగిన చక్రాన్ని మళ్లీ ముందుకి తిప్పినవాళ్లున్నారు. చీసాపీక్ పక్కనే, వర్జీనియా సముద్రతీరపు చిన్న ఉప్పుకయ్యల్లో 1930ల్లో ఒక తెగులూ, 1933లో ఒక తుఫానూ కలిసి సముద్రగడ్డిని పూర్తిగా తుడిచేశాయి. గడ్డిని నమ్ముకుని బతికే స్కాలప్ గుల్లలు కూడా దాంతోపాటే మాయమయ్యాయి. దాదాపు డెబ్భై ఏళ్లు అక్కడ అడుగు బోడిగా ఉండిపోయింది. 1990ల చివర్లో కాస్త గడ్డి కనిపించేసరికి రాబర్ట్ ఆర్త్ అనే శాస్త్రవేత్త బృందం విత్తనాలు చల్లడం మొదలుపెట్టింది. పెద్ద టెక్నాలజీ ఏమీ లేదు. గింజ కట్టిన కాడలు చేత్తో కోయడం, తొట్టెల్లో ఉంచి గింజలు రాల్చడం, శరత్కాలంలో పడవ మీంచి వెదజల్లడం. మన వెద వరి లాగే. ఇరవై ఏళ్లలో 7 కోట్లకు పైగా గింజలు చల్లారు, 2020 నాటికి సుమారు 3,600 హెక్టార్ల గడ్డి పెరిగింది, గడ్డి ఉన్న చోట నీళ్లు తేటపడ్డాయి, స్కాలప్‌లని తెచ్చి వదిలితే అవి నిలబడ్డాయి.

గడ్డి వేళ్ల దగ్గర ఇంకో చిత్రం ఉంది, నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చింది ఇదే. చెరువు ఎండగట్టినప్పుడు అడుగున నల్లమట్టి తీస్తారు చూడండి, కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది. అది హైడ్రోజన్ సల్ఫైడ్, రొయ్యకి విషం. ఒండ్రునీ కుళ్లునీ పట్టి ఉంచే సముద్రగడ్డి కింద కూడా ఈ విషం తయారవుతుంది, అంటే గడ్డి చేసే మంచి పనే గడ్డికి ముప్పు. కానీ చాలా చోట్ల ఆ వేళ్ల మధ్యే చిన్న గుల్లలు పూడుకుని బతుకుతాయి, లూసినిడ్‌లు అంటారు. వాటి మొప్పల్లో కాపురముండే బ్యాక్టీరియాకి ఆ సల్ఫైడే తిండి. బ్యాక్టీరియా విషం తింటుంది, గుల్లకి తిండి పెడుతుంది. దీనికి కావలసిన ఆక్సిజన్‌లో కొంత గడ్డి వేళ్ల నుంచే వస్తుంది. గడ్డి, గుల్ల, బ్యాక్టీరియా, ముగ్గురిలో ఏ ఒక్కరినీ మిగతా ఇద్దరి నుంచి విడదీసి "ఇదీ శుభ్రం చేసేది" అని చూపించలేం.

పెద్ద జంతువుల దగ్గరికొస్తే ఇది ఇంకా మెలి తిరుగుతుంది. కాలిఫోర్నియాలో ఎల్క్‌హార్న్ స్లూ అనే ఉప్పుటేరు ఉంది. చుట్టూ కూరగాయల పొలాలు, ఎరువంతా దాంట్లోకే. లెక్క ప్రకారం అక్కడ సముద్రగడ్డి చచ్చిపోవాలి, ఎందుకంటే ఎరువు ఎక్కువైతే ఆకుల మీద పాచి పేరుకుని వెలుతురుని ఆపేస్తుంది. కానీ గడ్డి పెరుగుతోంది. ఎందుకా అని బ్రెంట్ హ్యూస్ బృందం 50 ఏళ్ల వివరాలు తిరగేస్తే తేలింది, 1980ల నుంచి అక్కడికి సముద్రపు నీటికుక్కలు (ఆటర్లు) తిరిగొచ్చాయని. నీటికుక్క గడ్డినీ తినదు, పాచినీ తినదు. అది పీతల్ని తింటుంది. పీతలు తగ్గితే వాటి నోట్లో పడే చిన్న నత్తజాతి జీవాలు బతుకుతాయి, అవి ఆకుల మీది పాచిని నాకేస్తాయి, ఆకుకి వెలుతురు దొరుకుతుంది. 2013లో ఇది అచ్చయింది. నీటికుక్కకి పీతకాయ రుచి తప్ప ఏమీ తెలియదు, అయినా నీళ్లు తేటపడటంలో దానికీ వాటా ఉంది.

అలాగని జంతువులు ఎన్ని ఉంటే అంత మంచిదనీ కాదు. మన లక్షద్వీప్‌లో అగత్తి దీవిని ఆనుకున్న లోతులేని నీళ్లలో పచ్చ తాబేళ్లు గుంపులుగా చేరి సముద్రగడ్డిని మళ్లీ చిగురించే వీలు లేకుండా మేసేశాయి. తాబేలు కాపాడాల్సిన జీవే, గడ్డీ కాపాడాల్సిందే, కానీ గడ్డి పోతే దాంట్లో పెరిగే చేపలూ పోయాయి, జాలర్లకి తాబేలంటే కోపం వచ్చింది. ఇలాంటప్పుడు ఎవరి పక్షం తీసుకోవాలో నాకూ తోచదు.

రోగాల సంగతి కూడా ఉంది. ఇండోనేషియాలో మకస్సర్ దగ్గరి చిన్న దీవుల్లో మురుగు శుద్ధి అనేదే లేదు, అంతా సముద్రంలోకే. అక్కడ జోలియా లాంబ్ బృందం సముద్రగడ్డి ఉన్న చోటా లేని చోటా నీళ్లు పట్టి పోల్చింది. 2017లో వాళ్లు చెప్పింది, గడ్డి ఉన్న చోట మనుషులకీ చేపలకీ రోగాలు తెచ్చే బ్యాక్టీరియా సగానికి సగం తక్కువగా ఉందని. పక్కన గడ్డి ఉన్న పగడపు దిబ్బల్లో రోగాలు కూడా సగమే. ఇది గడ్డి ఒక్కదాని గొప్పా అంటే కాకపోవచ్చు. గడ్డిలో బ్యాక్టీరియాని వడకట్టి తినే గుల్లలుంటాయి, బ్యాక్టీరియా అంటుకున్న మట్టి కింద కూర్చుంటుంది, ఆక్సిజన్ ఎక్కువుంటుంది, అన్నీ కలిసే ఉంటాయి.

మన తీరంలో నదులు దించే బురదకి సముద్రగడ్డి పెద్దగా నిలవదు, అది ఎక్కువగా పాక్ జలసంధి, మన్నార్ సింధుశాఖ, చిలికా లాంటి చోట్ల ఉంటుంది. ఇక్కడ ఆ ఉద్యోగం మడ అడవులది. కాకినాడ పక్కన కోరంగిలో చెక్కల దారి మీద నడిచినవాళ్లు బురదలోంచి పెన్సిళ్లలా పైకి పొడుచుకొచ్చిన వేళ్లు చూసే ఉంటారు. అవి గాలి పీల్చుకునే వేళ్లు, లోపలి వేళ్లకి ఆక్సిజన్ పంపడం వాటి పని. వాటి మధ్య పీతలు బొరియలు తవ్వుతాయి, పోటుకి నీళ్లు ఆ బొరియల్లోకి దిగి, పాటుకి బయటికొస్తాయి. అంటే బురదకి ఊపిరి ఆడుతుందన్నమాట. రాలిన ఆకుల్ని కూడా పీతలు లోపలికి లాక్కెళ్లి తింటాయి. గోదావరి తెచ్చిన ఒండ్రు ఈ వేళ్ల సందుల్లో కూర్చుంటుంది, వేళ్లకి అతుక్కున్న గుల్లలు మిగిలినదాన్ని వడకడతాయి. ఎల్క్‌హార్న్‌లో ఉన్నట్టే ఇక్కడా నీటికుక్కలున్నాయి, జాతి వేరు. కాకినాడ అఖాతంలో గుల్లలు ఏరి సున్నం కాల్చడం పాత బతుకుతెరువు. ఎన్ని తీస్తే ఎంత వడపోత పోయిందో లెక్క వేసే అలవాటు మనకి ఎప్పుడూ లేదు, గుల్లని మనం సున్నంగానే చూశాం.

ఇప్పుడు ప్లాస్టిక్ సంగతి. ఇంతసేపూ చెప్పిన ఏర్పాటంతా ఒకే సూత్రం మీద నడుస్తుంది: ఎవరో ఒకరికి తిండి అయ్యేదైతేనే ఖర్చవుతుంది. ప్లాస్టిక్ దాదాపు ఎవరికీ తిండి కాదు. పాదరసం, సీసం, కాడ్మియం లాంటివి బ్యాక్టీరియా కుళ్లబెట్టేవి కావు. వాటిని కూడా ఆల్చిప్ప వడకడుతుంది పాపం, కానీ ఖర్చు పెట్టలేక ఒంట్లోనే పెట్టుకుంటుంది, దాన్ని తిన్నవాళ్లకి అందిస్తుంది. జపాన్‌లో మినమాటా అఖాతంలోకి ఒక ఫ్యాక్టరీ పాదరసం వదిలితే చేపలూ గుల్లలూ దాన్ని భద్రంగా పోగుచేసి జాలర్ల కంచాల్లో పెట్టాయి, 1956లో ఆ రోగం బయటపడేసరికి ఊళ్లో పిల్లులు పిచ్చెత్తినట్టు గెంతి చస్తున్నాయి. తేటనీళ్లు కనిపించాయని శుభ్రం అనుకోకూడదనడానికి అంతకంటే చెప్పేదేముంది.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు ఇదంతా బాబాయికి చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. ఆయన చెరువు నీళ్లు వదిలేది డ్రెయిన్‌లోకి, అక్కడి నుంచి సముద్రానికి. "అయితే డ్రెయిన్‌లో పడే ముందు ఒక గుంట తవ్వి గుల్లలూ, నాచూ వేస్తే?" అన్నాడు. వేయొచ్చు, చాలా దేశాల్లో వేస్తున్నారు, ప్లాంక్టన్‌నీ అమ్మోనియానీ కొంత పట్టుకుంటాయి. కాకపోతే వానాకాలం ఉప్పు తగ్గగానే గుల్లలు చస్తాయి, చస్తే మళ్లీ అదే కుళ్లు. పైగా బతికినన్నాళ్లూ చెరువులో కొట్టిన మందులు వాటి ఒంట్లో చేరొచ్చు కాబట్టి వాటిని తినకూడదు, అమ్మకూడదు.

"అమ్మకూడదంటే మరి గుంట తవ్వడానికి అంత నేల ఎవడు వదులుకుంటాడ్రా" అని బాబాయి ఏరేటర్ స్విచ్ వేయడానికి లేచాడు.